సీనాయి నిబంధన క్రియలదా, కృపదా? సంస్కరణ వేదాంత చరిత్రలో ఒక చర్చ

మోషే ద్వారా సీనాయి కొండయొద్ద ఇయ్యబడిన నిబంధనకు రక్షణ చరిత్రలో ఏ స్థానమున్నది? ఈ ప్రశ్న పండితులకు మాత్రమే చెందినది కాదు. అది క్రియల నిబంధనయే అయితే ఇశ్రాయేలీయులు మనకంటె వేరొక మార్గమున రక్షింపబడిరని చెప్పవలసివచ్చును. కేవలము కృపయే అయితే పౌలు లేవీయకాండము 18:5ను విశ్వాసమునకు ఎదురుగా ఎందుకు నిలిపెను (గలతీ 3:12)? సంస్కరణ సంఘములు దీనికి వెదకిన జవాబులను క్లుప్తముగా పరిశీలింతము.

1520లలో జ్యూరిక్‌లో శిశు బాప్తిస్మమును నిరాకరించిన అనాబాప్టిస్టులకు జవాబిచ్చుచు జ్వింగ్లీ, సున్నతి పొందిన అబ్రాహాము సంతానమును, క్రొత్త నిబంధన సంఘమును ఒకే నిబంధన ప్రజలుగా చూపెను. ఆయన తరువాత వచ్చిన బుల్లింగర్ 1534లో ఈ ఏక నిత్య నిబంధనపై ప్రత్యేక గ్రంథమునే వ్రాసెను. కాల్విన్ తన ‘క్రైస్తవ మత మూలసూత్రములు’ 1559 ముద్రణలో, రెండు నిబంధనల సారము ఒక్కటే, నిర్వహణ మాత్రమే వేరని వివరించెను. ధర్మశాస్త్రము పాపమును బయటపెట్టును, దుష్టులను అదుపులో ఉంచును, విశ్వాసికి దేవుని చిత్తమును బోధించును. ఈ మూడవ ప్రయోజనమే ప్రధానమైనదని ఆయన అభిప్రాయము. 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరావళి పది ఆజ్ఞల వివరణను కృతజ్ఞతను గూర్చిన మూడవ భాగములో ఉంచుట ఇందుకు చక్కని నిదర్శనము.

1646లో పూర్తియైన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణము ఈ బోధకు స్థిరమైన రూపమిచ్చెను. ఆదాముతో క్రియల నిబంధన, పతనము తరువాత కృపా నిబంధన. మోషే కాలము ఈ రెండవదాని నిర్వహణలోనిదే (7వ అధ్యాయము). విశ్వాసులు క్రియల నిబంధనగా ధర్మశాస్త్రము క్రింద లేరు, అయినను అది వారికి జీవన నియమము (19వ అధ్యాయము).

అయితే అందరును ఏకాభిప్రాయముతో లేరు. జాన్ కామెరూన్ 1608లో సీనాయిని ప్రకృతి నిబంధనకును కృపా నిబంధనకును భిన్నముగా, క్రీస్తునొద్దకు సిద్ధపరచు సహాయక నిబంధనగా ఎంచెను. జాన్ ఓవెన్ హెబ్రీ పత్రిక వ్యాఖ్యానములో సీనాయిని కృపా నిబంధననుండి వేరుచేసెను. కాని ఆనాటి భక్తులు వాగ్దానము వలననే రక్షింపబడిరని నొక్కిచెప్పెను. 20వ శతాబ్దములో మెరెడిత్ క్లైన్, వ్యక్తి రక్షణ కృపవలననే గాని కనాను స్వాస్థ్యము జనాంగపు విధేయతపై ఆధారపడెననెను. జాన్ మర్రే సీనాయిలోని కృపనే నొక్కిచెప్పెను. ఈ చర్చపై అమెరికాలోని ఆర్థొడాక్స్ ప్రెస్బిటేరియన్ సంఘ మహాసభకు 2016లో ఒక నివేదిక సమర్పింపబడెను.

ఇన్ని భేదములలోను ఒక సంగతి చెదరలేదు: ఏ యుగములోను పాపి తన క్రియల వలన నీతిమంతుడు కాలేదు.

తెలుగు బోధకులమైన మనకు ఇందులో ప్రత్యేకమైన జాగ్రత్త అవసరము. మన వాడుకలో ‘నిబంధన’ అనగా షరతు, నియమము. పైగా 39 గ్రంథములకును ‘పాత నిబంధన’ అనియే పేరు. అందుచేత వినువారు ఆ గ్రంథములన్నియు షరతులేయనియు, హెబ్రీ 8:13 వాటన్నిటిని కొట్టివేసెననియు తలంచుట సులభము. అబ్రాహాముకు కలిగిన వాగ్దానము కూడ అక్కడనే ఉన్నది. 430 సంవత్సరముల తరువాత వచ్చిన ధర్మశాస్త్రము దానిని రద్దుచేయలేదు (గలతీ 3:17). ఐగుప్తునుండి విడిపించిన సంగతిని జ్ఞాపకము చేసిన తరువాతనే దేవుడు ఆజ్ఞాపించెను (నిర్గమ 20:2). ఆ క్రమమును మన ప్రసంగములు తలక్రిందులు చేయకూడదని మా మనవి.