కేన్స్ చిత్రోత్సవంలో సినిమా విమర్శ

ఫ్రాన్స్ దక్షిణ తీరంలో, మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న పట్టణం కేన్స్. ఫ్రెంచివాళ్లు 'కాన్' అని పలుకుతారు. అక్కడ 1946 నుంచి జరుగుతున్న అంతర్జాతీయ చిత్రోత్సవం అనగానే మన పాఠకులకు ఎర్ర తివాచీ, తారల దుస్తులు గుర్తుకొస్తాయి. ఆ ఉత్సవ చరిత్రను నడిపించినవాళ్లలో చాలామంది ఫొటోల్లో కనబడరు. వాళ్లు విమర్శకులు. ఉత్సవం పుట్టుకలోనే ఒక విమర్శకుడి చెయ్యి ఉంది. ఇవాళ అక్కడున్న ముఖ్య విభాగాల్లో ఒకటి విమర్శకులు పెట్టిందే. మరొకటి, ముందు కలం పట్టి తర్వాత కెమెరా పట్టినవాళ్లు లేవదీసిన తగాదాలోంచి వచ్చింది. బహుమతుల జాబితా చూస్తే ఏ ఏడాది ఎవరు గెలిచారో తెలుస్తుంది. గెలిచినవాటిలో ఏవి నిలిచాయి, ఓడినవాటిని ఎవరు నిలబెట్టారు అన్నది ఈ రెండో చరిత్ర చెబుతుంది.

వెనిస్‌తో తగవు

సినిమాలకంటూ ఉత్సవం జరపడం 1932లో ఇటలీలోని వెనిస్‌లో మొదలైంది. ముస్సోలినీ ఏలుబడి రోజులవి. 1938లో అక్కడి పెద్ద బహుమతి, ముస్సోలినీ కప్పు, రెండు చిత్రాలకు పంచారు. ఒకటి బెర్లిన్ ఒలింపిక్స్ మీద లేనీ రీఫెన్‌స్టాల్ తీసిన జర్మన్ డాక్యుమెంటరీ 'ఒలింపియా'. రెండోది ముస్సోలినీ కొడుకు విట్టోరియో పర్యవేక్షణలో తయారైన 'లూచియానో సెర్రా, పైలట్'. తీర్పు ఎక్కడినుంచి దిగివచ్చిందో అక్కడున్న మిగతా దేశాలవాళ్లకు చెప్పనక్కర్లేకపోయింది. వాళ్లలో ఫ్రెంచి అధికారి ఫిలిప్ ఎర్లాంజే, జ్యూరీలో కూర్చున్న ఫ్రెంచి విమర్శకుడు రెనే జాన్ ఉన్నారు. ప్రభువుల కనుసన్నల్లో నడవని ఉత్సవం తమ దేశంలోనే పెడదామన్న ప్రతిపాదన విద్యామంత్రి జాన్ జే దగ్గరికి వెళ్లింది. ఆయన దాన్ని తలకెత్తుకున్నాడు.

1939 సెప్టెంబర్ 1న ప్రారంభం అని ప్రకటించారు. హాలీవుడ్ తారలు ఓడెక్కి వచ్చారు. అదే రోజు జర్మనీ సేనలు పోలెండ్‌లోకి చొరబడ్డాయి. 'ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్' ఒక్కటి కొద్దిమందికి వేసి చూపించారు; ఉత్సవం ఆగిపోయింది. యుద్ధం ముగియకముందే, 1944లో, నాజీలతో చేతులు కలిపిన విషీ ప్రభుత్వపు సాయుధ దళంవాళ్లు జాన్ జేని చంపేశారు. తాను తలపెట్టిన పండుగను ఆయన చూడలేదు.

చివరికి 1946 సెప్టెంబర్ 20న తెర లేచింది. యుద్ధం చూసివచ్చిన దేశాల మధ్య పోటీ పెట్టడం ఇష్టంలేక కాబోలు, పెద్ద బహుమతిని ఆ ఏడు 11 చిత్రాలకు పంచారు. అందులో చేతన్ ఆనంద్ తీసిన హిందీ చిత్రం 'నీచా నగర్' ఒకటి; మనకింకా స్వాతంత్ర్యం రాలేదు. విమర్శకులు మొదటి ఏడాదే తమ బహుమతి వేరుగా ఇచ్చుకున్నారు. 1930లో బ్రస్సెల్స్‌లో పుట్టిన వాళ్ల అంతర్జాతీయ సమాఖ్య పేరు ఫిప్రెస్కి. పల్లెటూరి రైతు కుటుంబపు ఏడాది బతుకును చూపిన 'ఫార్‌బిక్'ను, డేవిడ్ లీన్ తీసిన 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్'ను విమర్శకులు ఎంచుకున్నారు. అధికారిక జ్యూరీకి పక్కన విమర్శకుల జ్యూరీ ఉండడం అప్పటినుంచి అక్కడ ఆనవాయితీ.

1956: ఒక చిత్రం, రెండు ప్రదర్శనలు

తొలి పాతికేళ్లు కేన్స్‌కు ఏ చిత్రం వెళ్లాలో ఆయా దేశాలే నిర్ణయించేవి. ఏదైనా చిత్రం తమ మనోభావాలను గాయపరుస్తుందని మరో దేశం అభ్యంతరం చెబితే దాన్ని పోటీనుంచి తప్పించే వీలు కూడా నిబంధనల్లో ఉండేది. 1956లో అలెన్ రెనే తీసిన 'నైట్ అండ్ ఫాగ్' విషయంలో జరిగింది అదే. నాజీ చిత్రహింసల శిబిరాల మీద తీసిన ఆ 32 నిమిషాల చిత్రాన్ని పశ్చిమ జర్మనీ అభ్యంతరంతో పోటీలోంచి తీసేసి, బయట చూపించారు.

అదే ఏడాది మన దేశం నుంచి సత్యజిత్ రాయ్ తీసిన 'పథేర్ పాంచాలి' వెళ్లింది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ సొమ్ముతో పూర్తయిన చిత్రం అది. దేశపు పేదరికాన్ని విదేశీయుల ముందు పరుస్తుందన్న గొణుగుళ్లు ఢిల్లీలో లేకపోలేదు. నెహ్రూ అండ ఉండబట్టి ప్రయాణం సాగింది. తీరా కేన్స్‌లో దానికి దొరికిన వేళ బాగాలేదు. అదే సమయంలో జపాన్ బృందం విందు ఇచ్చింది. రోజంతా చిత్రాలు చూసి అలసిన జ్యూరీ సభ్యుల్లో, పత్రికలవాళ్లలో చాలామంది హాలుకు రాలేదు. కొత్త దర్శకుడు, తెలియని భాష, రెండు గంటల నలుపు-తెలుపు పల్లె కథ. అక్కడితో ముగిసిపోవలసిన వ్యవహారమే.

ముగియనివ్వనిది హాల్లో కూర్చుని చూసిన గుప్పెడుమంది. ఆంద్రే బజాన్, జార్జ్ సదూల్, లోటే ఐస్నర్, ఇంగ్లండ్ నుంచి వచ్చిన లిండ్సే ఆండర్సన్ వంటి విమర్శకులు మరోసారి వేయాల్సిందేనని నిర్వాహకుల మీద పట్టుబట్టారు. రెండో ప్రదర్శన జరిగింది. జ్యూరీ చూసింది. 'ఉత్తమ మానవీయ పత్రం' అని ఆ చిత్రం కోసమే పేరు పెట్టినట్టుండే బహుమతి దానికి దక్కింది. సత్యజిత్ రాయ్ పేరు లోకానికి తెలియడంలో ఈ మలుపు చిన్నది కాదు. ఒక ప్రదర్శన రద్దీలో కొట్టుకుపోయిన చిత్రాన్ని బయటికి లాగి నిలబెట్టడం విమర్శ చేయగల పనుల్లో అత్యున్నతమైనదని ఈ వ్యాసకర్త నమ్మకం. దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ కేన్స్ చరిత్రలో లేదు. ఆ ఏటి పెద్ద బహుమతి పామ్ డి ఓర్ గెలుచుకున్నది కూస్తో, లూయీ మాల్‌ల సముద్రగర్భ డాక్యుమెంటరీ 'ది సైలెంట్ వరల్డ్'. 2022లో 'సైట్ అండ్ సౌండ్' పత్రిక ప్రపంచ విమర్శకులను అడిగి వేసిన అత్యుత్తమ చిత్రాల జాబితాలో 'పథేర్ పాంచాలి'ది 35వ స్థానం.

విమర్శకులందరూ ఒకే కంటితో చూశారనుకోకూడదు. యువ విమర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫోకు ఆ చిత్రం నచ్చలేదు, సగంలో లేచి వెళ్లిపోయాడని చెబుతారు. అతనికి గురువు, దాదాపు తండ్రి వంటివాడు బజాన్. చిత్రం కోసం పట్టుబట్టినవాళ్లలో ఆ గురువు ఉన్నాడు. ఒకే పత్రికలో రాసే ఇద్దరి మధ్య ఇంత దూరం ఉండేది, ఆ దూరాన్ని దాచుకునేవాళ్లు కాదు.

కలం నుంచి కెమెరాకు

ఆ పత్రిక పేరు 'కాయే దు సినిమా'. 1951లో బజాన్, డొనియోల్-వాల్‌క్రోజ్, లో దూకా కలిసి పెట్టారు. త్రూఫో, గొదార్, రివెత్, రోమేర్, షబ్రోల్ అందులోనే రాస్తూ పెరిగారు. 1954 జనవరి సంచికలో త్రూఫో రాసిన వ్యాసం అప్పటి ఫ్రెంచి సినిమా పెద్దల మీద సూటి దాడి. నవలను తెచ్చి శుభ్రంగా తెరకెక్కించడాన్ని 'నాణ్యత' అని పిలుచుకుంటున్నారనీ, సినిమాకు కర్త స్క్రిప్టు రచయిత కాదు, దర్శకుడనీ దాని సారాంశం. కేన్స్ నిర్వహణనూ అతను వదల్లేదు. ఏళ్ల తరబడి ఉత్సవాన్ని తిట్టిపోసినందుకు 1958లో అతనికి పత్రికా ప్రవేశపత్రం ఇవ్వలేదు.

ఆ నవంబర్‌లో త్రూఫో తన మొదటి పెద్ద చిత్రం 'ది 400 బ్లోస్' షూటింగ్ మొదలుపెట్టాడు. మొదలైన మర్నాడే, నవంబర్ 11న, బజాన్ లుకేమియాతో చనిపోయాడు, వయసు 40. చిత్రాన్ని ఆయనకే అంకితమిచ్చారు. 1959 మేలో ఫ్రాన్స్ తరఫున అధికారికంగా కేన్స్‌కు వెళ్లింది ఆ చిత్రమే. ఏడాది కిందట గుమ్మం దగ్గర ఆపేసిన కుర్రవాడు ఉత్తమ దర్శకుడి బహుమతి అందుకున్నాడు. అదే ఏడు రెనే తీసిన 'హిరోషిమా మోన్ అమూర్' అమెరికాకు కోపం తెప్పిస్తుందని పోటీకి బయట ఉంచితే, ఫిప్రెస్కి విమర్శకులు తమ బహుమతి దానికిచ్చారు.

1960లో మరో ఘటన. ఆంటోనియోనీ చిత్రం 'లవెంచురా' ప్రదర్శనలో ప్రేక్షకులు నవ్వారు, అరిచారు, 'కోయండి' అని కేకలు వేశారు. కథలో తప్పిపోయిన అమ్మాయి చివరిదాకా దొరకదు. ఆ సంగతి మరచిపోయి మిగతావాళ్లు తమ బతుకుల్లో తిరుగుతుంటారు. అలాంటి కథనానికి ఆ సాయంత్రపు హాలు సిద్ధంగా లేదు. నటి మోనికా విట్టీ కన్నీళ్లతో బయటికి వచ్చింది. మర్నాటికి రోసెల్లీనీతో సహా కొందరు దర్శకులు, విమర్శకులు సంతకాలు చేసిన మద్దతు ప్రకటన వెలువడింది. జ్యూరీ ప్రత్యేక బహుమతి ఇచ్చింది. రెండేళ్లు తిరక్కుండా, 1962 'సైట్ అండ్ సౌండ్' జాబితాలో 'సిటిజన్ కేన్' తర్వాతి స్థానం ఆ ఈలలు తిన్న చిత్రానిది.

విమర్శకుల వారం

దేశాలు పంపే చిత్రాల్లో కొత్తవాళ్లకు చోటు దొరకడం కష్టమయ్యేది. తొలి చిత్రంతో వచ్చినవాణ్ణి తమ ప్రతినిధిగా పంపే సాహసం ప్రభుత్వాలు అరుదుగానే చేసేవి. 1961లో ఫ్రెంచి విమర్శకుల సంఘం అమెరికన్ దర్శకురాలు షర్లీ క్లార్క్ చిత్రం 'ది కనెక్షన్'ను కేన్స్‌లో ప్రదర్శింపజేసింది. హెరాయిన్ కోసం ఎదురుచూసే జాజ్ వాద్యకారుల కథ అది. ప్రదర్శన విజయవంతమయ్యాక, దాన్ని ఏటా జరిగే కార్యక్రమంగా మార్చమని నిర్వాహకులే అడిగారు. సదూల్ పూనికతో 1962లో మొదలైన ఆ విభాగమే 'విమర్శకుల వారం'. దర్శకుల మొదటి, రెండో చిత్రాలకే ప్రవేశం. ఎంపిక చేసేది విమర్శకులు. కేన్స్‌లో అధికారిక ఎంపికకు సమాంతరంగా పుట్టిన మొదటి విభాగం ఇదే.

విమర్శకుడి పని వచ్చినదాన్ని తూచడమే అనుకునేవాళ్లకు ఈ విభాగం చరిత్ర చూపించాలి. బెర్తలూచీ 'బిఫోర్ ద రెవల్యూషన్' 1964లో, కెన్ లోచ్ 'కెస్' 1970లో, వాంగ్ కార్-వై మొదటి చిత్రం 1989లో, గియర్మో దెల్ తోరో 'క్రోనోస్' 1993లో, ఇనారితు 'అమోరెస్ పెరోస్' 2000లో ఇక్కడే కనబడ్డాయి. మన రితేష్ బత్రా 'ద లంచ్‌బాక్స్' 2013లో వెళ్లిందీ ఈ విభాగానికే. పేరులేని కాలంలో పేరు పెట్టి పిలిచిన చోటు ఇది.

1968, తర్వాత

1968 ఫిబ్రవరిలో ఫ్రెంచి ప్రభుత్వం సినిమాథెక్ అధిపతి ఆన్రీ లాంగ్లువాను తొలగించింది. పాత చిత్రాలను దాచి, చూపించి ఒక తరం విమర్శకులను తయారుచేసిన మనిషి ఆయన. విమర్శకులు, దర్శకులు వీధికెక్కారు; ఏప్రిల్‌లో ఆయన తిరిగి వచ్చాడు. మేలో విద్యార్థుల తిరుగుబాటు, సార్వత్రిక సమ్మె. కేన్స్ మాత్రం విందులతో సాగుతోంది. మే 18న త్రూఫో, గొదార్ బృందం ఉత్సవం ఆపాలని వేదికెక్కింది. మాల్, పొలాన్‌స్కీ, విట్టీ, టెరెన్స్ యంగ్ జ్యూరీనుంచి తప్పుకున్నారు. స్పెయిన్ దర్శకుడు కార్లోస్ సౌరా తన చిత్రమే ప్రదర్శన కాకుండా తెర పట్టుకుని నిలబడ్డాడు. మర్నాడు ఉత్సవం మూతపడింది, బహుమతులు లేవు.

ఆ వేడిలో ఏర్పడిన దర్శకుల సంఘం 1969లో 'దర్శకుల పక్షం' పేరుతో మరో సమాంతర విభాగం తెరిచింది. స్కోర్సెసీ 'మీన్ స్ట్రీట్స్'ను 1974లో కేన్స్‌కు తెచ్చింది ఇదే. ఈ ఒత్తిడికి అధికారిక ఉత్సవం కూడా మారక తప్పలేదు. 1972 నుంచి చిత్రాలను దేశాలు పంపడం పోయి, ఉత్సవమే ఎంచుకోవడం మొదలైంది.

తెలుగు నేలకు కేన్స్‌తో ఉన్న సంబంధాల్లో రెండు ఈ మార్పు తర్వాతివే. హైదరాబాదులో పుట్టి పెరిగిన శ్యామ్ బెనెగల్, 1940లనాటి తెలంగాణ దొరల దౌర్జన్యం మీద తీసిన హిందీ చిత్రం 'నిశాంత్' 1976లో ప్రధాన పోటీలో నిలిచింది. ప్రేమ్‌చంద్ కథ 'కఫన్' ఆధారంగా మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' 1978లో దర్శకుల పక్షంలో ప్రదర్శితమైంది. వ్యాపార సినిమా లెక్కల్లో ఎక్కడా లేని ఈ తెలుగు చిత్రం మన సినిమా చరిత్రల్లో ఇంకా ఎక్కువ పుటలకు అర్హం.

1978లోనే పాత్రికేయ విమర్శకుడు జిల్ జకోబ్ ఉత్సవ ప్రధాన ప్రతినిధి అయ్యాడు. సమాంతర విభాగాలతో పోరాటం మాని వాటిని లెక్కలోకి తీసుకున్నాడు. ఆయన పెట్టిన 'కెమెరా డోర్' ఏ విభాగంలో చూపినా సరే, ఉత్తమ తొలి చిత్రానికి ఇస్తారు. మీరా నాయర్ 'సలామ్ బాంబే' 1988లో దాన్ని గెలిచింది దర్శకుల పక్షం నుంచి. 1999లో మురళీ నాయర్ మలయాళ చిత్రం 'మరణ సింహాసనం' గెలిచింది.

పత్రికలవాళ్ల రోజు

బజాన్ 1955లో ఒక వ్యాసంలో కేన్స్‌ను సన్యాసుల మఠంతో పోల్చాడు. లోకం నుంచి విడివడి, నియమిత వేళలకు ఒకే పనికి హాజరయ్యే జనం అని ఆయన భావం. అది ఇప్పటికీ చెల్లుతుంది. ఏటా సుమారు 4,000 మంది పాత్రికేయులు వస్తారు. వాళ్ల మెడలో కార్డుల రంగును బట్టి వరస ఉండేది: తెలుపు అందరికంటే పైన, తర్వాత పసుపు చుక్కున్న గులాబి, గులాబి, నీలం, చివర పసుపు. చిన్న పత్రిక నుంచి వచ్చిన విమర్శకుడు గంటన్నర ముందు వచ్చి నిలబడ్డా హాలు నిండిందని వెనక్కి పంపేయడం ఉండేది.

దశాబ్దాలపాటు పోటీ చిత్రాన్ని విమర్శకులు పొద్దున్నే చూసేసేవారు. సాయంత్రం దర్శకుడు ఎర్ర తివాచీ మీద నడిచేటప్పటికే చిత్రం గురించి మంచీ చెడూ ప్రపంచమంతా చదివేసేది. సోషల్ మీడియా వచ్చాక ఇది మరీ వేగం పుంజుకుంది. 2018లో ఉత్సవ అధిపతి తియెరీ ఫ్రెమో ఆ పద్ధతి ఎత్తేశాడు. ఇక విమర్శకులు చూసేది ప్రధాన ప్రదర్శన జరిగే వేళకో, ఆ తర్వాతో. గాలా రాత్రి చిత్రబృందం ముఖంలో సంతోషం మిగలాలన్నది ఉత్సవం వాదన. రాత్రి పొద్దుపోయాక చూసి తెల్లవారేలోగా రాయాలంటే ఆలోచనకు వేళ ఎక్కడిదన్నది విమర్శకుల ఫిర్యాదు. రెండింటిలోనూ నిజం ఉంది. అయినా 1956లో ఆ రెండో ప్రదర్శన కోసం పట్టుబట్టినవాళ్లకు దొరికిన తీరిక ఇప్పటివాళ్లకూ దొరకాలని కోరుకోవడం అత్యాశ కాదు.