వీడియో, ఇన్‌స్టలేషన్ కళలు: తెలుగునాట చరిత్ర

కదిలే బొమ్మను కథ నడపడానికి కాక బొమ్మగానే వాడుకునేది వీడియో కళ. ఒక చోటును వస్తువులు, వెలుగు, శబ్దంతో సహా కళాకృతిగా అమర్చితే ఇన్‌స్టలేషన్. చూడవచ్చినవారు దాని మధ్యలోకి నడిచి వెళతారు. ఈ రెండూ తరచుగా జంటగానే కనిపిస్తాయి. కొరియా కళాకారుడు నామ్ జూన్ పైక్ 1963 మార్చిలో జర్మనీలోని వూపర్టాల్‌లో, బొమ్మ వంకర తిరిగేలా మార్చిన టీవీ సెట్లను ప్రదర్శనకు పెట్టాడు. వీడియో కళ చరిత్రను సాధారణంగా అక్కడి నుంచే మొదలుపెడతారు.

అంతకు ఎంతో ముందు నుంచే, తెలుగునాట తెర మీది వెలుగునీడల ఆటను తోలుబొమ్మలాటగాళ్లు కొన్ని శతాబ్దాలుగా ఆడిస్తున్నారు.

ఇన్‌స్టలేషన్‌కు దగ్గరి సంప్రదాయం బంగారుపాళ్యం చుట్టుపక్కల పల్లెలతో సహా చిత్తూరు జిల్లాలో ఇప్పటికీ ఉంది. వేసవిలో ధర్మరాజుల గుళ్ల దగ్గర 18 రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. అర్జునుడి తపస్సు నాడు వేషగాడు నిలువెత్తు మాను ఎక్కుతాడు. దుర్యోధన వధ నాటికి మైదానంలో మట్టితో దుర్యోధనుడి భారీ విగ్రహాన్ని వెల్లకిలా పడుకోబెట్టినట్టు మలుస్తారు. భీముడు, దుర్యోధనుడు వేషాలు కట్టినవారు ఆ మట్టి దేహం మీదా చుట్టూ పరుగులు తీస్తుంటే జనం వెంటపడతారు. చివరికి భీముడి గద తొడ మీద పడుతుంది. అక్కడ ముందుగా దాచిన ఎర్రనీళ్లు పైకి చిమ్ముతాయి. సాయంత్రం అగ్నిగుండం. ఒక్కరోజు కోసం కట్టి, చూసేవారినే నటుల్లో కలిపేసుకునే ఈ మట్టి పనికి కళాచరిత్ర పుస్తకాల్లో దక్కిన చోటు తక్కువ.

భారతదేశంలో ఆధునిక ప్రయోగాలు బొంబాయిలో మొదలయ్యాయి. అక్బర్ పదమ్సీ 1969–72 మధ్య నడిపిన విజన్ ఎక్స్‌చేంజ్ వర్క్‌షాప్‌లో చిత్రకారులు ఫిల్ముతో పనిచేశారు. అక్కడ పనిచేసిన నళినీ మలానీ, 1998 పోఖ్రాన్ అణుపరీక్షల తరువాత ‘రిమెంబరింగ్ టోబా టేక్ సింగ్’ అనే వీడియో ఇన్‌స్టలేషన్ చేసింది. 2012లో జర్మనీలోని కాసెల్‌లో ఆమె చూపిన పనిలో, లోపలివైపు బొమ్మలు గీసిన పారదర్శక గొట్టాలు తిరుగుతుంటే వాటి నీడలు, వీడియో బొమ్మలు గోడల మీద కలిసిపోతాయి. తోలుబొమ్మలాట చూసినవారికి ఆ పద్ధతి కొత్తగా తోచదు.

తెలుగు పల్లెలకు టీవీ బొమ్మ ఉపగ్రహం నుంచి వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు నడిచిన ‘సైట్’ అనే ఉపగ్రహ బోధనా టీవీ ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పల్లెవాసులు అప్పుడు చూసేవారు మాత్రమే. కెమెరా ఊరి బయటి నుంచే వచ్చేది.

ఆ ప్రయోగంలో పనిచేసిన దూరదర్శన్ నిర్మాత పి.వి. సతీష్ (1945–2023), తరువాత మెదక్ జిల్లా (నేటి సంగారెడ్డి) జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించినవారిలో ఒకరు. 1990ల చివర ఆ సంస్థ మహిళా సంఘాల సభ్యులు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వారిలో ఎక్కువమంది దళితులు, చదువుకోని వ్యవసాయ కూలీలు. పాఠ్యపుస్తకాల పరిభాషను పక్కనపెట్టి, కెమెరా కోణాలను తమ అనుభవంతో కొలిచారు. పై నుంచి కిందికి చూసే షాట్ పటేల్ షాట్, ఎందుకంటే పటేలు గడీ మీది నుంచి అలాగే చూస్తాడు. కింది నుంచి పైకి చూసేది అణిగి ఉన్నవాడి చూపు. కంటికి కన్ను సమంగా ఉంటే సంఘం షాట్. సంఘంలో అందరూ నేల మీద కూర్చుంటారు గనుక. వారు మెచ్చి వాడినది ఇదే. కోణానికీ అధికారానికీ ఉన్న సంబంధాన్ని ఇంత సూటిగా పట్టుకున్న వివరణ సినిమా శాస్త్రంలోనూ అరుదు.

2001లో ఈ మహిళలతో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి వేసిన రైతుల వెంట ఈ మహిళలు విత్తనం నుంచి అమ్మకం దాకా కెమెరాతో తిరిగి తీసిన చిత్రాలు విదేశాల్లో కూడా ప్రదర్శనకు నోచుకున్నాయి. గ్యాలరీల లెక్కలో ఈ చిత్రాలు వీడియో కళ కిందికి రావు. డాక్యుమెంటరీ కింద రాసుకుంటారు.