నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాల ఆహారం, కల్లు

దక్షిణ తెలంగాణలోని ఉమ్మడి నల్గొండ, మహబూబ్ నగర్ (పాలమూరు) జిల్లాల సంప్రదాయ ఆహారం అక్కడి నీటి ఎద్దడిని బట్టి రూపొందినది. జొన్న, సజ్జ, చింతపండు, మేకమాంసం, గొర్రెమాంసం, తాటికల్లు, ఈతకల్లు ఇందులో ముఖ్యమైనవి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో నల్గొండ ప్రధానంగా మూడు జిల్లాలుగా, మహబూబ్ నగర్ నాలుగు జిల్లాలుగా విడిపోయాయి. 2019లో నారాయణపేట జిల్లా ఏర్పడినది.

నేల, వర్షపాతం

ఇది దక్కను పీఠభూమికి చెందిన గ్రానైటు రాతినేల. సగటు వర్షపాతం సుమారు 600 నుండి 750 మిల్లీమీటర్లు; అందులో అధికభాగం నైరుతి ఋతుపవనాల వలన కురుస్తుంది. కృష్ణానది దక్షిణపు సరిహద్దుగా ప్రవహిస్తున్ననూ, నీరు లోతున, పొలాలు మెట్టన ఉండుటచే చాలాకాలం ఆ నీరు పొలాలకు అందలేదు. ఎక్కువ భాగం ఎర్రచెలక భూములు. గద్వాల, ఆలంపూర్ వైపు నల్లరేగడి కనిపిస్తుంది. నల్లరేగడి తేమను నిలుపుకొంటుంది కనుక యాసంగిలో జొన్న పండుతుంది. చెలకల్లో సజ్జ, కంది, ఉలవ, ఆముదం, వేరుశనగ వేస్తారు.

తిండి

జొన్నపిండిని గోధుమపిండివలె కర్రతో వత్తితే విరిగిపోతుంది. అందుచేత వేడినీళ్ళతో కలిపి చేత్తో తట్టి రొట్టె చేస్తారు. జొన్నరవ్వతో గట్క, పిండితో అంబలి చేసేవారు. పొద్దున్నే పనికి పోయే కూలీకి అంబలి ఆహారమే కాక దాహం తీర్చే పానీయం కూడా. రొట్టెలోకి పల్లీల తొక్కు, పుంటికూర (గోంగూర) వాడతారు. నీరు పెట్టనవసరం లేని చింతచెట్టు పులుపును సమకూరుస్తుంది. పొయ్యి ఎక్కించకుండా చింతపండు రసంలో ఉల్లి, మిరప కలిపి చేసే పచ్చిపులుసు ఎండాకాలపు వంటకం. పంట పండని గుట్టలపై గొర్రెలు మేస్తాయి గనుక పండుగలకు మాంసం, తలకాయ, బోటి వండుతారు.

ఇదే రాతినేల మరో కీడు కూడా చేసింది. నల్గొండ బోరునీటిలో ఫ్లోరైడు అధికం. 1970వ దశకంలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, వరి అన్నం తినేవారికంటే జొన్న తినేవారి శరీరంలో ఫ్లోరైడు ఎక్కువగా నిలుస్తుందని గుర్తించారు. అనగా బీదవాని తిండీ, బావీ కలిసి అతని ఎముకలను వంచాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడును తొలగించే విధానానికి ఈ జిల్లా పేరే పెట్టి నల్గొండ పద్ధతి అంటారు. 2016లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా నదీజలాలు గ్రామాలకు చేరాయి.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత మిర్యాలగూడ, హుజూర్ నగర్ ప్రాంతాలు వరిసీమ అయ్యాయి. దేవరకొండ, మునుగోడు మెట్టగానే మిగిలాయి. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం మెట్ట ఊళ్ళలోనూ జొన్నను వెనక్కి నెట్టింది.

కల్లు

ఐరోపాలో ద్రాక్షసారాను నేలను బట్టి పోల్చుకొన్నట్లు ఇక్కడ కల్లును చెట్టును బట్టి పోల్చుకొంటారు. చెరువుకట్టలపై, పొలంగట్లపై పెరిగే తాడి, ఈత చెట్లకు నీరు పెట్టనవసరం లేదు. గీత కార్మికులు మోకు సాయంతో చెట్టెక్కి, తాడికి గెలను, ఈతకు మొవ్వు దిగువన కాండాన్ని చెక్కి లొట్టి కడతారు. ఈతకల్లు చలికాలంలో బాగా పారుతుంది. గాలిలోని, లొట్టిలోని ఈస్టు వలన రసం కొన్ని గంటల్లోనే పులుస్తుంది. ఉదయపు కల్లు తియ్యన, సాయంత్రానికి పుల్లన. లొట్టికి సున్నం పూస్తే పులవక నీరాగా ఉంటుంది. ద్రాక్షసారా ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది, కల్లు ఒక్కరోజు కూడా నిలవదు. కనుకనే అది ఊరి పొలిమేర దాటని పానీయమైనది.

నిజాం పాలనలో అబ్కారీ రాబడి ప్రభుత్వానికి ముఖ్య ఆదాయాలలో ఒకటి. చెట్లు తగ్గి, గిరాకీ తగ్గకపోవడంతో దుకాణాలలో క్లోరల్ హైడ్రేట్, డయాజిపాం, ఆల్ప్రజోలం కలిపిన కల్తీకల్లు వ్యాపించింది. 2015లో అధికారులు దాడులు జరిపి కల్తీని ఆపగా, దానికి అలవాటుపడినవారు వణుకు, మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో పాలమూరు వారూ ఉన్నారు. తాడి గీతకు రావడానికి పదిహేనేళ్ళకు పైగా పడుతుంది గనుక, ఇప్పుడు నాటే చెట్లు అసలు కల్లు కొరతను తొందరగా తీర్చలేవు.