ముట్టడిలో ఊపిరి: వైజ్ఞానిక కల్పనలో ప్రాణాధార విధ్వంసం

శత్రుదుర్గాన్ని బలంతో ఛేదించలేనప్పుడు లోపలివారి జీవనాధారాలను దెబ్బతీయడం ప్రాచీన యుద్ధతంత్రానికి కొత్త కాదు. ముట్టడిలో చిక్కిన శత్రువుకు చెందిన గడ్డి, అన్నం, నీరు, వంటచెరకు చెడగొట్టాలని మనుస్మృతి సప్తమాధ్యాయం విధించింది. విషం పూసిన ఆయుధాలతో కొట్టరాదని చెప్పిందీ ఆ అధ్యాయమే. ఎదురుపడి పోరే వీరుడికి ఒక ధర్మం, కోటను చుట్టిన రాజుకు మరొక నీతి. ఆ నాలుగు వస్తువుల పట్టికలో గాలి లేదు. ఆకాశం కింద ఉన్న కోటకు గాలిని ఆపగల రాజు లేడు. ఆ లోటును పూరించినది అంతరిక్ష కథ.

అయితే తొలి కథల్లో గాలి ఆయుధం కాదు. జూల్ వెర్న్ 1865లో చంద్రుడి వైపు పంపిన గుండులో పొటాషియం క్లోరేట్‌ను వేడిచేసి ప్రాణవాయువును పుట్టించే పరికరం ఉంది. విడిచిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును కాస్టిక్ పొటాష్ పీల్చుకుంటుంది. 1870లో వెలువడిన ఉత్తరభాగంలో మిషెల్ ఆర్డాన్ కుళాయి కట్టడం మరచిపోగా, ప్రాణవాయువు మితిమీరి ప్రయాణికులు మత్తెక్కి గంతులు వేస్తారు. వెంట తెచ్చిన కోళ్లకూ ఆ మత్తు తప్పలేదు. అది ప్రమాదమే, కానీ హాస్యం. శత్రువు లేడు, ఉన్నది ఏమరుపాటు మాత్రమే.

ఆ హాస్యం తర్వాతి శతాబ్దంలో నిలవలేదు. 1915 ఏప్రిల్ 22న ఈప్ర్ వద్ద జర్మన్ సైన్యం క్లోరిన్ వాయువును విడిచిపెట్టడంతో ఊపిరే యుద్ధభూమి అయింది. ఊపిరాడనివ్వని వాయువుల ప్రయోగాన్ని 1925 నాటి జెనీవా ఒప్పందం నిషేధించింది. అంతరిక్ష నౌకలో గాలిని ఆపే కథలను ఈ జ్ఞాపకం నుంచి విడదీసి చదవడం కష్టం.

1967 ఫిబ్రవరిలో ప్రసారమైన స్టార్ ట్రెక్ ధారావాహికలోని 'స్పేస్ సీడ్' భాగం ఈ ఇతివృత్తానికి చక్కని ఉదాహరణ. నిద్రావస్థ నుంచి లేచిన ఖాన్ రోగి మంచం మీదనే నౌక సాంకేతిక గ్రంథాలను చదువుతాడు. అతని అసలు ఆయుధం ఆ చదువే. తర్వాత యంత్రశాలను ఆక్రమించి, నాయకుడు కర్క్ ఉన్న గదికి ప్రాణాధార సరఫరాను ఆపి లొంగిపొమ్మంటాడు. కోట ముట్టడిలో నెలలు పట్టే పని ఇక్కడ నిమిషాల్లో ముగుస్తుంది. రాయబారానికి గానీ, లోపలివారి మధ్య తర్జనభర్జనకు గానీ వ్యవధి లేదు. విశేషమేమంటే, చివరికి నౌకను తిరిగి గెలుచుకునేందుకు కర్క్ పక్షమూ గాలినే ఆశ్రయిస్తుంది. అయితే వారు వదిలేది స్పృహ తప్పించే వాయువు. పద్ధతి ఒకటే, నాయకుడి చేతిలో అది ప్రాణం తీయదు. రచయితలు గీసిన ఈ గీత సన్ననిదే అయినా, జెనీవా తర్వాతి కాలపు మనస్సాక్షి దానిలో కనిపిస్తుంది.

రాబర్ట్ హైన్‌లైన్ 1966 నవలలో ఆ గీత మరింత పలచబడింది. చంద్రుడిపై తిరుగుబాటుదారులకు తోడైన కంప్యూటర్, పాలకుడి నివాసంలో ప్రాణవాయువును తగ్గిస్తుంది. పాఠకుడి సానుభూతి గాలి ఆపినవారి పక్షాన నిలిచేలా కథనం సాగడం గమనార్హం. స్వాతంత్ర్యం పేరిట ఈ పని ఎంత సులువుగా క్షమార్హమవుతుందో ఆలోచించదగ్గది.

తెలుగులో ఆక్సిజన్‌కు రెండు పేర్లున్నాయి. 'ఆమ్లజని' యూరోపియన్ పదానికి అనువాదం. 'ప్రాణవాయువు' మన సొంత ఊహ. ఈ కథలను తెలుగులో చెప్పుకొన్నప్పుడు రెండో పదమే సరిపోతుంది. గొట్టం మూయడం, ప్రాణం తీయడం ఆ పదంలో ఒకటైపోతాయి.

1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో శత్రువు బయటి నౌకలో లేదు. దీర్ఘనిద్రలో ఉన్న ముగ్గురు శాస్త్రజ్ఞుల ప్రాణాధారాన్ని సినిమాలో హాల్ అనే కంప్యూటర్ ఆపేస్తుంది. ఆర్థర్ క్లార్క్ నవలలోనైతే నౌక ద్వారాలు తెరిచి గాలినంతా శూన్యంలోకి వదిలేస్తుంది. ముట్టడివేసిన సైన్యానికీ ఆకలి ఉంటుంది, దాని గుర్రాలకూ గడ్డి కావాలి. హాల్‌కు ఊపిరి అవసరం లేదు. అందుకే ప్రాణాలతో మిగిలిన బోమన్ దానిపై అదే ఆయుధాన్ని తిప్పలేడు. అంతరిక్ష దుస్తుల్లో దాని యంత్రహృదయంలోకి వెళ్లి, జ్ఞాపకాలను ఒక్కొక్కటిగా ఊడదీయవలసివస్తుంది.