కరణసూత్రం, క్త్వార్థకం: తెలుగులో లెక్క చేసే క్రమం

గణిత సమస్యను సోపానక్రమంలో సాధించి చూపడం ఆధునిక పాఠ్యపుస్తకంతో వచ్చిన పద్ధతిగా భావించడం పరిపాటి. కాని ఆ క్రమాన్ని చెప్పే భాషకు తెలుగులో సుమారు వెయ్యేళ్ల చరిత్ర ఉంది.

క్రీ.శ. 850 ప్రాంతంలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహం కరణసూత్రం, ఉద్దేశకం అనే జంటతో నడుస్తుంది. మొదటిది చేయవలసిన విధానం. రెండవది అభ్యాసానికి ఇచ్చిన లెక్క. పావులూరి మల్లన దీనిని సారసంగ్రహ గణితంగా తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆ మల్లన రాజరాజ నరేంద్రుని (11వ శతాబ్ది) సమకాలికుడా, లేక అదే పేరుగల మనుమడా అన్న చర్చ ఉన్నా, ఇది తెలుగు శాస్త్రగ్రంథాలలో తొలితరానిదన్నది స్పష్టం.

మహావీరుని నిరుద్ధ సూత్రాన్నే తీసుకుందాం. నేటి పదవ తరగతి విద్యార్థి దీనిని క.సా.గు. అంటాడు. 1/6, 3/10 లను కూడాలి. హారాల సామాన్య భాజకం 2. దానితో భాగించగా మిగిలేవి 3, 5. ఈ మూడింటిని గుణించగా నిరుద్ధం 30. 30ని 6తో భాగించి, వచ్చిన 5తో మొదటి లవాన్ని గుణించి, అలాగే 10తో భాగించి, వచ్చిన 3తో రెండవ లవాన్ని గుణించి, 5, 9లను కూడి, 14/30ను సంక్షేపించగా ఫలితం 7/15.

పై వివరణలో సోపానాలను నిలిపినవి అంకెలు కావు. భాగించి, గుణించి, కూడి అనే క్త్వార్థకాలు. ఒక పని ముగిసిన తరువాతనే మరొకటి అన్న నియమం తెలుగు వాక్యనిర్మాణంలోనే ఉంది. పద్యం సూత్రాన్ని జ్ఞాపకంలో నిలిపితే, దానిని విడమరిచి చెప్పే పని గురువు వాక్యానిది. ముద్రిత పాఠ్యపుస్తకంలో ఆ క్రియల స్థానాన్ని సమాన చిహ్నం, ‘కావున’ ఆక్రమించాయి.

1968లో హైదరాబాదులో ఏర్పడిన తెలుగు అకాడమీ పారిభాషిక పదాలను స్థిరపరచింది. 1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ ప్రాంతపు ప్రధాన వృత్తి అల్గారిదమ్ రచన. మహావీరుని కాలానికే చెందిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుండి వచ్చిన ఆ మాటకు కరణసూత్రం దగ్గరి అర్థం గలది. అయినా ఐటీ కారిడార్ వ్యవహారంలో దానికి చోటు లేదు. 2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమం విస్తరించింది. ద్విభాషా పాఠ్యపుస్తకాలలో ఒకే లెక్క ఎదురెదురు పుటలలో రెండు భాషలలో కనిపిస్తుంది.

పారిభాషిక పదాలు నిఘంటువులలో నిలుస్తాయి. తరగతి గదిలో వినబడకపోతే నశించేది లెక్కను విడమరిచే వాక్యం. గణిత వాచకాల భాషను పరిశోధించేవారు పదజాలంతో ఆగక ఆ వాక్యాన్ని కూడా నమోదు చేయవలసి ఉంది.