ఏ2డీపీ (బ్లూటూత్)

ఏ2డీపీ: ఫోన్, కంప్యూటర్, టీవీల నుంచి హెడ్‌సెట్‌కు తీగ లేకుండా స్టీరియో ధ్వనిని పంపే బ్లూటూత్ ప్రొఫైల్. ఒక పనిని రెండు పరికరాలు కలిసి ఎలా చేయాలో చెప్పే నియమావళే ప్రొఫైల్. 1998లో ఏర్పడిన బ్లూటూత్ స్పెషల్ ఇంట్రెస్ట్ గ్రూప్ దీని తొలి వెర్షన్‌ను 2003లో ఆమోదించింది.

పనితీరు: ధ్వనిని కోడెక్‌తో కుదించి 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద పంపుతారు. హెడ్‌సెట్ దాన్ని విప్పి వినిపిస్తుంది. ఎస్‌బీసీ కోడెక్ ప్రతి ఏ2డీపీ పరికరంలోనూ తప్పనిసరి. ఏఏసీ, ఆప్ట్‌ఎక్స్ వంటివి రెండు వైపులా ఉంటేనే పనిచేస్తాయి. లేకుంటే ఎస్‌బీసీయే దిక్కు.

పాత పరికరాలు: ఇక్కడ బ్లూటూత్ వెర్షన్ అంకె కన్నా ప్రొఫైల్ ముఖ్యం. తొలినాటి ఫోన్లు చాలావాటిలో మాటలకు ఉద్దేశించిన హెడ్‌సెట్, హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైళ్లే ఉండేవి. అలాంటి ఫోనుకు కొత్త హెడ్‌సెట్ జతపడి కాల్ వినిపించినా, స్టీరియో పాట రాదు. కంప్యూటర్‌లో పాట వింటుండగా హెడ్‌సెట్ మైక్ ఆన్ చేయగానే ధ్వని డొల్లగా మారడానికీ కారణం ప్రొఫైలే: ఏ2డీపీ ఆగి, సాధారణంగా సెకనుకు 8,000 లేదా 16,000 నమూనాల ఒంటి చానల్ హ్యాండ్స్‌ఫ్రీ మొదలవుతుంది.

బ్లూటూత్ లేని టీవీకి 3.5 మి.మీ. ఆడియో సాకెట్ ఉంటే, అందులో ఏ2డీపీ ట్రాన్స్‌మిటర్ తగిలిస్తే సరిపోతుంది. అయితే మాట ఒక్కోసారి పెదవుల కదలిక కన్నా వెనకబడుతుంది.

తరువాతి తరం: 2020లో ప్రకటించిన ఎల్ఈ ఆడియో ఎల్‌సీ3 కోడెక్‌ను వాడుతుంది. ఇది ఏ2డీపీతో నేరుగా కలవదు. రెండూ ఉన్న ఎల్ఈ ఆడియో హెడ్‌సెట్ మాత్రమే ఏ2డీపీ ఒక్కటే ఉన్న ఫోన్ల నుంచీ పాట వినిపించగలదు.