యువజనుల రచ్చబండలు

సాయంకాలమున కుర్రవారు చేరు తావు ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్కటిగ నుండును. ఒకచోట రావిచెట్టు క్రింది రచ్చబండ, మరియొకచోట చెరువుగట్టు. ఆ తావును ఎవ్వరును నిర్ణయింపలేదు. మొదట నలుగురు చేరిరి; తక్కినవారు ఆ నలుగురికొరకు వచ్చిరి. ఈ శతాబ్దారంభమున వ్యాపించిన సామాజిక మాధ్యమముల చరిత్రయు ఇట్టిదే యని మేము తలంచుచున్నాము.

2004 జనవరిలో గూగుల్ సంస్థ 'ఆర్కుట్'ను ప్రారంభించెను. దానిని నిర్మించిన ఇంజనీరు పేరునే దానికి పెట్టిరి. అది పుట్టినది అమెరికాలో. పెరిగినది బ్రెజిలులోను, మన దేశములోను. తొలిదినములలో సభ్యులెవరైన ఆహ్వానించిననే గాని క్రొత్తవారికి ప్రవేశము లేకుండెను. కావున వచ్చినవారు తమవారినే పిలిచిరి. ఆ పిలుపులవెంట స్నేహబృందములు గుంపులుగ తరలివచ్చెను. అటులనే 2002లో వెలసిన 'ఫ్రెండ్‌స్టర్'కు స్వదేశమగు అమెరికాలో ఆదరణ తగ్గినను, ఫిలిప్పీన్సు, మలేషియా, ఇండోనేషియాల యువజనులు దానిని పెక్కేండ్లు నిలిపిరి.

దేశమును బట్టి వర్తకపు తీరును మారెను. దక్షిణ కొరియాలో 1999లో ఆరంభమైన 'సైవరల్డ్' నందు ప్రతి సభ్యునికిని ఒక చిన్న గది యుండెడిది. దానిని అలంకరించు సామగ్రిని, అందు వినిపించు పాటలను 'దొతోరి' యను నాణెములతో కొనవలెను. ఆ నాణెములకు నిజమైన సొమ్ము చెల్లింపవలెను. జపానులో 2011 జూనున వెలువడిన 'లైన్' బొమ్మల స్టిక్కర్లను అమ్మి ఆదాయము గడించెను. అమెరికా సంస్థలు ప్రధానముగ ప్రకటనలనే నమ్ముకొని, పిల్లల చూపును వర్తకులకు విక్రయించెను.

ఆ చూపును కొనగోరి పెద్ద సంస్థలు పెద్ద మూల్యములే చెల్లించెను. న్యూస్ కార్పొరేషన్ 2005లో 'మైస్పేస్' మాతృసంస్థను 58 కోట్ల డాలర్లకు కొనెను. 2011లో మైస్పేస్‌ను అమ్మినపుడు వచ్చినది సుమారు 3.5 కోట్లు. బ్రిటను, ఐర్లండు బాలబాలికలకు ప్రియమైన 'బెబో'ను ఏఓఎల్ సంస్థ 2008లో 85 కోట్ల డాలర్లకు కొని, రెండేండ్లకే వదలుకొనెను. వర్తకులు రచ్చబండను కొనిరి. దానిపై కూర్చున్నవారు లేచిపోయిరి.

నష్టము వర్తకులకే కాదు. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడెను. దాచుకొనుటకు కొంత గడువిచ్చినను, ఆ గడువులో దాచుకొననివారికి పదేండ్ల పలకరింపులు మరల దొరకలేదు. 2020 జూన్ 29న మన ప్రభుత్వము 'టిక్‌టాక్'ను నిషేధించినపుడు, తెలుగుపల్లెలలో దాని చుట్టును చేరిన గుంపులును చెదరెను. కూర్చుండు తావు పిల్లల సొత్తు కాదు. ఒకచోట యజమాని, ఇంకొకచోట ప్రభుత్వము దానిని మూసివేయగలరు.

పిల్లలు ఏ రచ్చబండకడ నున్నారని వర్తకుడు అడుగును. అచట ఎవరికొరకు ఉన్నారని అడుగవలసినవారు తల్లిదండ్రులు. ఆ ప్రశ్నకు బదులు తెలిసిన ఇంట, రచ్చబండ మారినను స్నేహము చెదరదు.